కబకస్సు అన్నా అస్‌బే అన్నా బస్సే

పిల్లలు ఇంగ్లీషు మాటల్ని తిరగేసి, విరగ్గొట్టి, మధ్యలో ఏదో ఒక అక్షరం దూర్చి గడగడా మాట్లాడుకుంటుంటే పెద్దవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. మనకి ఒక్క ముక్క అర్థం కాదు. పైగా అంతంత ఫీజులు కట్టి చెప్పిస్తున్న ఇంగ్లీషు పాడైపోతుందని భయం. నా మటుకు నేను ఈ ఆటల పక్షం. మన ఇళ్ళల్లో పిల్లలు ఇంగ్లీషు మీద పెత్తనం చేయగలిగిన చోటు ఇదొక్కటేనని నా నమ్మకం. ఆ చోటుని మందలించి లాక్కుంటున్నాం, లేదంటే తెగ మెచ్చుకుని, పాఠంగా మార్చి లాక్కుంటున్నాం.

ఇంత పట్టుదలగా రాయడానికి కారణం మా అమ్మాయి స్కూలు డైరీలో వచ్చిన ఒక నోటు. పాప స్నేహితులతో కలిసి అర్థం లేని ఇంగ్లీషు మాట్లాడుతోందట, దానివల్ల మిగతా పిల్లల స్పోకెన్ ఇంగ్లీషు కూడా చెడిపోతోందట, ఇంట్లో గట్టిగా చెప్పాలట. ఏం మాట్లాడావమ్మా అని అడిగితే చెప్పింది: ‘కవాకటర్ కబాకటిల్’. వాటర్ బాటిల్. క భాష.

క భాష ఎరగని తెలుగువాళ్ళు తక్కువ. ప్రతి అక్షరం ముందూ ఒక క చేరిస్తే చాలు. ‘నువ్వు రా’ అంటే ‘కనుకవ్వు కరా’. కొన్ని ఊళ్ళల్లో క బదులు చ పెడతారు. మా అమ్మ చిన్నప్పుడు ఆడింది, నేనూ ఆడాను. మా అమ్మాయి తరం చేసిన మార్పల్లా ఒకటే. వాళ్ళ సంచిలో ఉన్న మాటల్లో సగం ఇంగ్లీషువి కాబట్టి వాటికీ అదే క తగిలించారు. ఇందులో అర్థం లేనిదేముంది? ఆ మాటలు విన్న ఇంకో పిల్ల బాటిల్ తెచ్చి ఇచ్చింది కదా!

ఇంగ్లీషే ఇంటి భాషగా ఉన్న దేశాల్లో పిల్లలకీ ఇలాంటివి ఉన్నాయి, చాలా ఉన్నాయి. అమెరికాలో అందరికీ తెలిసింది పిగ్ లాటిన్. పేరుకే లాటిన్, లోపల ఉన్నదంతా ఇంగ్లీషు. మాట మొదట్లో ఉన్న హల్లుని పీకి చివరికి పంపి, దానికి ‘ఏ’ తగిలిస్తారు. ‘బస్’ కాస్తా ‘అస్‌బే’ అవుతుంది. ‘స్కూల్’ అయితే ‘ఊల్‌స్కే’, ‘స్ట్రీట్’ అయితే ‘ఈట్‌స్ట్రే’. అచ్చుతో మొదలయ్యే మాటకి పీకడానికి ఏమీ ఉండదు కాబట్టి చివర ‘వే’ అనో ‘యే’ అనో చేరుస్తారు. ఇంగ్లండులో పిల్లలు అచ్చుల ముందు ‘ఎగ్’ దూర్చి ఎగ్గీపెగ్గీ మాట్లాడతారు. ఉబ్బీ డబ్బీ అని ఇంకోటుంది. బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ టీవీ కేంద్రం 1972 నుంచి 1978 దాకా ‘జూమ్’ అనే పిల్లల కార్యక్రమం నడిపింది. అందులో ఆడే పిల్లలు ప్రతి అచ్చు ముందూ ‘అబ్’ పెట్టి మాట్లాడేవాళ్ళు. దాన్ని చూసి దేశమంతా పట్టుకుంది. ‘హలో’ వాళ్ళ నోట్లో ‘హబెలబో’.

మొన్న వేసవి సెలవులకి మా చెల్లెలు పిల్లల్ని తీసుకుని న్యూజెర్సీ నుంచి తెనాలి వచ్చినప్పుడు ఈ భాషలన్నీ మా అమ్మ వాళ్ళ వరండాలో కలుసుకున్నాయి. చెల్లెలి కూతురికి ఉబ్బీ డబ్బీ, పిగ్ లాటిన్ రెండూ వచ్చు. మా అమ్మాయికి క భాష వచ్చు. ఒకరిది ఒకరు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ సాయంత్రమంతా నేను మామిడికాయ ముక్కలు తుడుస్తూ అక్కడే కూర్చున్నాను. నేను చూసినదాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా దాని మీదే నిలబడి ఉంది.

తగువు ‘బస్సు’ దగ్గర మొదలైంది. మా అమ్మాయి ‘కబకస్సు’ అంది. న్యూజెర్సీ పిల్ల ఒప్పుకోలేదు. ‘కబస్’ అనాలి, ఒక్క క చాలు అంది. ఎందుకు అంటే చప్పట్లు కొట్టి చూపించింది. బస్. ఒకటే చప్పట. మా అమ్మాయి కూడా చప్పట్లు కొట్టింది. బ, స్సు. రెండు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత స్కూలు, పెన్ను, ఫ్యాను, అన్నీ వరసగా తెచ్చి చప్పట్లతో కొలిచారు. ప్రతిదానికీ ఒకరికి ఒకటి, ఇంకొకరికి రెండు. తెలుగు నోటికి మాట చివర అచ్చు ఉండాలి. ఇంగ్లీషు మాటలు మన దగ్గరికి వచ్చి ఆ అచ్చు తొడుక్కున్నాయి. ఈ సంగతి వ్యాకరణ పుస్తకాల్లో ఉంటుంది. పదేళ్ళ పిల్లలు ఇద్దరు పుస్తకం ముట్టకుండా అరగంటలో దాన్ని పట్టుకున్నారు. ఎవరిది తప్పు అని నన్ను అడిగారు. ఎవరిదీ కాదన్నాను. మర్నాటి నుంచీ మా అమ్మాయి అక్కతో మాట్లాడేటప్పుడు ‘కబస్’, పక్కింటి పిల్లలతో ఆడేటప్పుడు ‘కబకస్సు’ అనడం నా చెవులారా విన్నాను. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో ఏ మేడమ్ నేర్పగలదు ఇంత చెవి?

ఉబ్బీ డబ్బీ దగ్గర ఇంకో విచిత్రం బయటపడింది. ‘వాటర్’ని ‘వబాటబర్’ అనాలి. మా అమ్మాయికి నోరు తిరగలేదు. ఎక్కడ అబ్ పెట్టాలో తెలియక ‘అబ్‌వాటర్’ అంటోంది. అచ్చు ముందు పెట్టాలి అంటుంది అక్క. ‘వా’ ఒకటే అక్షరం కదా, దాన్లో అచ్చు ఎక్కడుంది అంటుంది ఈ పిల్ల. చివరికి పలక మీద రాసుకుని చూసింది. వా. బా. టా. అప్పుడు వెలిగింది. ‘వా’లో ఉన్న దీర్ఘం ఊడి వచ్చి ‘బ’కి అతుక్కుంది, ‘వ’కి తలకట్టు మిగిలింది. ‘అమ్మా, గుణింతం అంతా బ కొట్టేస్తోంది!’ అని అరిచింది. అంతే, అక్కడి నుంచి ఆగలేదు. ‘టీచర్’ అంటే ‘టబీచబర్’, ‘మూన్’ అంటే ‘మబూన్’. ఏ హల్లు మీద ఏ గుణింతపు గుర్తు ఉంటే అది బ మీదికి గెంతుతుంది.

ఈ గెంతు చిన్నదేం కాదు. మన లిపిలో హల్లూ అచ్చూ కలిసి ఒక అక్షరంగా కూర్చుంటాయి. మన పిల్లలు మాటని అక్షరాలుగా విడగొట్టడం తొందరగా నేర్చుకుంటారు కానీ అక్షరాన్ని మళ్ళీ హల్లుగా, అచ్చుగా విడగొట్టడం ఆలస్యంగా వస్తుంది. మన లిపికి అక్కచెల్లెలు లాంటి కన్నడ లిపిలో చదువు నేర్చుకుంటున్న పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన చెప్పింది కూడా ఇదే. ఇంగ్లీషు చదవాలంటే మాత్రం ఈ రెండో విడగొట్టడమే కావాలి. ‘బి’, ‘ఎ’, ‘టి’ మూడూ వేరువేరు ధ్వనులని చెవికి తెలిస్తే తప్ప ‘బ్యాట్’ అనే మాట కాగితం మీది నుంచి నోట్లోకి రాదు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకీ ఇది తేలిగ్గా రాదు. అమెరికాలో ఇసబెల్ లిబర్‌మన్, ఆమె తోటివాళ్ళూ 1974లో ఒక ప్రయోగం ఫలితాలు వేశారు. మాటలో ఎన్ని ముక్కలున్నాయో పిల్లలు కర్రతో బల్ల మీద తట్టి చెప్పాలి. నాలుగేళ్ళ వాళ్ళలో దాదాపు సగం మంది పెద్ద ముక్కల్ని, అంటే మనం అక్షరాలనుకునే వాటిని, తట్టగలిగారు. విడివిడి ధ్వనుల్ని ఒక్కరూ తట్టలేకపోయారు. ఒకటో తరగతి పూర్తయ్యేసరికి మొదటిది 90 శాతం మందికి, రెండోది 70 శాతం మందికి వచ్చింది.

అంటే క భాష మన అక్షరం దగ్గర కోస్తుంది, పిగ్ లాటిన్, ఉబ్బీ డబ్బీ అక్షరం లోపల కోస్తాయి. రెండూ వచ్చిన పిల్లకి ఒకే మాటని రెండు చోట్ల కోయడం వచ్చినట్టు. ఫోనిక్స్ పేరుతో మన ఊళ్ళల్లో వెలిసిన సెంటర్లు నెలనెలా డబ్బు తీసుకుని చేయిస్తున్న కసరత్తు ఇదే. దీన్ని పిల్లలు వరండాలో కూర్చుని, మామిడిపండు చీకుతూ, ఎవరూ చెప్పకుండా చేస్తుంటే ఆపండని డైరీలో రాయడం ఏం న్యాయం?

ఇంక రహస్యం సంగతి. పెద్దవాళ్ళకి అసలు కోపం అక్కడే. మనకి తెలియకుండా ఏదో మాట్లాడుకుంటున్నారు అని. నిజమే, అందుకే మాట్లాడుకుంటున్నారు. కానీ ఇంగ్లీషుని మన ఇళ్ళల్లో రహస్య భాషగా మొదలుపెట్టింది ఎవరు? పిల్లాడికి తెలియకూడదని ‘ఐస్‌క్రీమ్’ని ఒక్కో అక్షరంగా స్పెల్లింగు చెప్పుకున్న తల్లిదండ్రులు కాదూ? అత్తగారి ముందు, పనమ్మాయి ముందు డబ్బు సంగతులు ఇంగ్లీషులోకి మార్చుకున్నది మనమే. పిల్లలు ఆ పాఠం మన దగ్గరే నేర్చుకున్నారు. మనం పెట్టిన తాళానికి వాళ్ళు ఇంకో తాళం వేశారు.

పెద్దవాళ్ళ లోకంలో కూడా ఇలాంటి భాషలు తక్కువేం కాదు. మన పశువుల సంతల్లో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం తేల్చుకోవడం చూసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. లండన్ వీధుల్లో తోపుడు బండ్ల మీద కూరగాయలు, చేపలు అమ్మేవాళ్ళు మాటల్ని వెనక నుంచి ముందుకి చదివి మాట్లాడుకునేవాళ్ళని హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత 1851లో రాశాడు. ‘పెన్నీ’ని ‘యెనెప్’ అనేవాళ్ళు. బేరసారాలు బయటివాళ్ళకి తెలియకుండా, పోలీసు వస్తుంటే హెచ్చరించుకోవడానికి. ‘బాయ్’ని తిరగేసిన ‘యాబ్’ అయితే బ్రిటిష్ ఇంగ్లీషులో అల్లరిమూక కుర్రాడికి పేరుగా ఇప్పటికీ ఉండిపోయింది.

వీటన్నిటిలోకీ నన్ను కదిలించింది టట్ భాష. అమెరికా దక్షిణాదిలో నల్లజాతి కుటుంబాల్లో తరతరాలుగా చేతులు మారుతూ వచ్చింది, బానిసత్వం నాటి నుంచీ ఉందని వాళ్ళు చెప్పుకుంటారు. ఇందులో మాటని స్పెల్లింగు ప్రకారం చెప్పాలి. ప్రతి హల్లుకీ ఒక పేరుంటుంది. ‘బి’కి బబ్, ‘డి’కి డడ్, ‘ఎఫ్’కి ఫఫ్, ‘ఎమ్’కి మమ్. అచ్చుల్ని ఉన్నవి ఉన్నట్టే పలకాలి. ‘బెడ్’ అనాలంటే ‘బబ్, ఈ, డడ్’. అంటే స్పెల్లింగు రానిదే ఈ భాష రాదు. బానిసలకి రాయడం నేర్పితే జరిమానా వేసేలా దక్షిణ కరోలినాలో 1740లోనే చట్టం చేశారు. తర్వాత వేరే రాష్ట్రాలూ చదువు నేర్పడాన్ని నేరం చేశాయి. అలాంటి గడ్డ మీద స్పెల్లింగునే ఆటగా, రహస్యంగా మార్చుకుని పిల్లల దాకా అందించిన జనం వాళ్ళు. 1930లలో ఆర్కన్సాలోని స్టాంప్స్ అనే చిన్న ఊళ్ళో పెరిగిన నల్లజాతి రచయిత్రి మాయా ఏంజెలో, స్నేహితురాలితో కలిసి చాలా సేపు కష్టపడి టట్ నేర్చుకున్నానని తన ఆత్మకథలో రాసుకుంది. అప్పటికే పిగ్ లాటిన్ అందరికీ వచ్చేసింది కాబట్టి ఇంకా కష్టమైనది ఏదో కావాలనిపించిందట. ఆ మాట చదివినప్పుడు నాకు మా వరండా పిల్లలే కనిపించారు.

దీనికి ఎదురు వాదన లేదని అనను. రహస్య భాష అంటే ఎవరినో ఒకరిని బయట ఉంచడం. బస్సులో నలుగురు పిల్లలు ఒక పిల్లని చూసి, ఆ పిల్లకి రాని భాషలో మాట్లాడుకుని నవ్వితే అది దెబ్బే. మా అమ్మ కూడా ఆ వేసవిలో చిన్నబుచ్చుకుంది. ఆవిడకి క భాష కొట్టిన పిండి. కానీ అందులో ఇంగ్లీషు మాటలు పడేసరికి అందలేదు. ‘నా ఇంట్లో నాకు తెలియని మాటలేమిటే’ అంది. ఆ బాధ నిజమైనది, దాన్ని కొట్టిపారేయలేను. పిల్లల్ని కూర్చోబెట్టి ఒకటే చెప్పాను: అమ్మమ్మ వచ్చి కూర్చుంటే ఆవిడకి వచ్చిన మాటలతో ఆడండి, ఎవరైనా నేర్పమంటే నేర్పండి, మనిషిని చూపిస్తూ మాత్రం మాట్లాడకండి. అంతే చాలింది. మనిషిని ఏడిపించడాన్ని ఏ భాషలో అయినా ఆపాల్సిందే, శుద్ధమైన ఇంగ్లీషులో ఏడిపించినా సరే. దానికోసం ఆటని ఆపనక్కర్లేదు. పైగా ఈ భాషల తాళంచెవి ఒక్క వాక్యం పొడవు ఉంటుంది. ఎవరైనా దయతలిచి చెబితే సాయంత్రానికల్లా లోపలికి వచ్చేయొచ్చు. మన ఊళ్ళల్లో ఇంగ్లీషు కట్టిన గోడ మాత్రం అలాంటిది కాదు. ఏళ్ళ తరబడి ఫీజులు కట్టినా దాటలేనివాళ్ళని నేను ఎరుగుదును.

నా అసలు బాధ ఆ గోడ గురించే. మన పిల్లలకి ఇంగ్లీషు అంటే పరీక్ష. క్లాసులో పరీక్ష, చుట్టాల ముందు పరీక్ష, రేపు ఇంటర్వ్యూలో పరీక్ష. తప్పు మాట్లాడితే నవ్వుతారు, మాట్లాడకపోతే రాదంటారు. తెలుగులో మాట్లాడితే ఫైను. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో, ఇంకెప్పుడూ తెలుగు మాట్లాడనని రాసిన పలకలు పిల్లల మెడలో వేలాడదీశారు. పత్రికలన్నీ రాశాయి, అందరూ తిట్టారు, తర్వాత మర్చిపోయారు. ఆ భయం మాత్రం ఎక్కడికీ పోలేదు, పలక లేకుండానే మెడలో ఉంది. అలా పెరిగిన పిల్ల ‘వాటర్’ అనే మాటని తనకి ఇష్టం వచ్చిన చోట కోసి, తన క పెట్టి, తన స్నేహితురాలి వైపు విసిరితే, ఆ కాసేపు ఆ మాట తనది. తప్పొప్పులు తేల్చేది ఆట నియమం, మేడమ్ కాదు.

అటువైపు పిల్లది ఇదే కథ, తిరగేసి. మా చెల్లెలి కూతురికి తెలుగంటే భయం. ళ పలకదు, ణ పలకదు. తాను మాట్లాడితే ఇక్కడి చుట్టాలు ముద్దుగానే అయినా నవ్వుతారని దానికి తెలుసు. అందుకే వచ్చిన రోజు నుంచీ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. క భాష పట్టుబడ్డాక తనంతట తానే తెలుగు మాటలు అడిగి తెచ్చుకుంది. ‘పళ్ళు’ అనాల్సిన చోట ‘కపకల్లు’ అంది. ఒక్కరూ నవ్వలేదు, ళ అని సరిదిద్దనూ లేదు, ఎందుకంటే అందరూ క ల లెక్కలో ఉన్నారు. దానికి ‘కపకళ్ళు’ ఎప్పుడు వచ్చిందో ఎవరూ గమనించలేదు. విదేశాల్లో పిల్లలకి తెలుగు నేర్పడానికి వారం వారం తరగతులు నడుపుతున్న తల్లిదండ్రుల మీద నాకు గౌరవం ఉంది. వాళ్ళకి నా మనవి, పిల్లలకి మీ చిన్ననాటి క భాష ఉందని ఒక్కసారి చెప్పి ఊరుకోండి.

ఊరుకోండి అన్న మాట గట్టిగానే అంటున్నాను. ఇదంతా చదివి ఎవరైనా దీన్ని వర్క్‌షీటుగా చేస్తారేమోనని నాకు నిజంగా భయం. క భాషకి మార్కులు, పిగ్ లాటిన్ పోటీలు, ఆపైన సర్టిఫికెట్లు. బ్రిటన్‌లో అయోనా, పీటర్ ఓపీ దంపతులు సుమారు 5,000 మంది బడి పిల్లల దగ్గర వాళ్ళ ఆటలు, మాటలు సేకరించి 1959లో పుస్తకం వేశారు. రహస్య భాషలు కూడా అందులో ఉన్నాయి. వాళ్ళు చూపించిన పెద్ద విషయం ఏమిటంటే, ఈ సరుకంతా పెద్దవాళ్ళ చేయి పడకుండా పిల్లల నుంచి పిల్లలకి, బడి నుంచి బడికి వెళ్తూ బతుకుతుందని. ఉబ్బీ డబ్బీని దేశమంతా పాకించింది టీవీయే కదా అనొచ్చు. నిజమే, కానీ టీవీ పరీక్ష పెట్టలేదు. విన్న పిల్లలు పెరట్లోకి తీసుకెళ్ళి తమ ఇష్టానికి వాడుకున్నారు. పెద్దవాళ్ళు చేయగలిగిన సాయం అంతవరకే.

స్కూలుకి జవాబు రాశాను. పాఠం చెబుతున్నప్పుడు మాట్లాడితే తప్పకుండా ఆపండి, ఏ భాషలో మాట్లాడినా ఆపండి. ఇంటర్‌వెల్‌లో, బస్సులో ఆడుకుంటే వదిలేయండి, దానివల్ల ఇంగ్లీషు పాడవదు, ఇదీ కారణం అని గుణింతం సంగతి నాలుగు వాక్యాల్లో రాశాను. మళ్ళీ నోటు రాలేదు.

అక్కాచెల్లెళ్ళ మధ్య తెగని తగువు ఇంకొకటి మిగిలింది. ‘క్యూట్’ని పిగ్ లాటిన్‌లో ఏమనాలి? కకారం ఒక్కటే వెనక్కి పోతే ‘యూట్‌కే’. యకారాన్ని కూడా వెంట తీసుకుపోతే ‘ఊట్‌క్యే’. అమెరికాలో పుట్టి పెరిగినవాళ్ళే ఇలాంటి మాటల దగ్గర రెండుగా చీలిపోతారట. బెర్ట్ వాక్స్, ఆండ్రూ నెవిన్స్ అనే భాషాశాస్త్రజ్ఞులు పిగ్ లాటిన్ మాట్లాడేవాళ్ళని అడిగి ఈ తేడాల మీద 2003లో పరిశోధన చేశారు. న్యూజెర్సీ పిల్ల ‘యూట్‌కే’ పక్షం. మా అమ్మాయి ‘ఊట్‌క్యే’ అంటుంది. తెలుగులో రాసి చూడు, క్య అని ఒక్క అక్షరమే, దాన్ని మధ్యకి నరుకుతావా అని దాని వాదన. ‘స్కూల్’లో స్క్ రెండూ కలిసే వెనక్కి పోతున్నాయి కదా, ఇక్కడ మాత్రం ఎందుకు పోకూడదని ఇంకో పాయింటు. అటు నుంచి జవాబు ఇంకా రాలేదు, అక్కడ రాత్రి. మీ ఇళ్ళల్లో పిల్లలు ఏ పక్షమో అడిగి చూడండి.